గాజుతొట్టికి అడుగు చేపలు

చేపను చూసి "ఎంత ముద్దుగా ఉందో" అన్న మనిషిని నేను మొట్టమొదట బోధన్‌లో చూశాను. అప్పటిదాకా నా ఎరుకలో చేపను చూసినవాళ్లంతా "తాజాదేనా", "ముండ్లెక్కువనా", "పులుసు బాగుంటదా, వేపుడా" అని అడిగినవాళ్లే. ముద్దొచ్చే చేపలుంటాయని, వాటిని గాజుతొట్టిలో పెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకొని కూర్చుని, మూడు పూటలా మేపి, చివరికి తినకుండా వదిలేసే మనుషులుంటారని తెలిసేసరికి నాకు పందొమ్మిదేళ్లు వచ్చాయి.

అరవయ్యో దశకం మొదటి రోజులు. మా ఆయన చక్కెర ఫ్యాక్టరీ చెరుకు ఆఫీసులో చిన్న గుమస్తా, అదీ టెంపరరీ. కాలనీ చివరి వరుసలో మాకు రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. మూడిళ్ల అవతల చుట్టూ తోటతో పెద్దసారు బంగ్లా ఉండేది. ఆయన కోస్తా జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. ఆయన భార్యను కాలనీలో అందరూ మేమ్‌సాబ్ అనేవాళ్లు. ఆ పిలుపు ఆమెకు ఇష్టం ఉండేది కాదు, కానీ మాన్పించడం ఆమె తరం కాలేదు. నిజాం పోయినా, రాష్ట్రం మారినా, ఆ బంగ్లాలో ఎవరుంటే వాళ్లు సాబు, మేమ్‌సాబు. మావాళ్లకు మనిషితో పని లేదు, బంగ్లా ఉంటే చాలు.

గాజుతొట్టి సికింద్రాబాదు నుంచి రైల్లో వచ్చింది. స్టేషను నుంచి ఎడ్లబండి మీద, వరిగడ్డిలో చుట్టి, బాలింతను తెచ్చినంత పైలంగా తెచ్చారు. అది చెరుకు సీజను. బండ్లు రోడ్డు పొడుగునా ఆగి ఉన్నాయి. తొట్టికి దారి ఇప్పించడానికి ఆఫీసు జమేదారు ముందు నడిచాడు. నాలుగు రోజులుగా వరుసలో ఉన్న రైతులు తమ బండ్లు పక్కకు తీసి, లోపల ఏ దేవుడున్నాడోనని తలపాగాలు సర్దుకున్నారు. సాయంత్రానికి తొట్టిలో గులకరాళ్లు పరిచి, నీళ్లు పోసి, ఎనిమిది బంగారు చేపల్ని వదిలారు. కాలనీ అంతా వచ్చి చూసింది. హెడ్‌క్లర్కు చేతులు కట్టుకొని నిలబడి సారు తొట్టిని, సారు రాళ్లను, సారు నీళ్లను విడివిడిగా మెచ్చుకున్నాడు.

నేను వెనక నిలబడి చూశాను. నా కొంగు పట్టుకొని మా ఆయన నిలబడ్డాడు. ప్రేమతో కాదు, నేనేమైనా నోరు జారుతానేమోనని.

పెళ్లైన మూడో రోజే ఆయన నాకు పాఠం చెప్పాడు. "మీ బాపు ఏం జేస్తడని ఎవలన్న అడిగితే ఎవుసం అని చెప్పు."

"ఏం ఎవుసం? చెర్వుల ఎవుసమా?" అన్నాను. ఆయనకు నవ్వు రాలేదు.

మాది చందూర్ దిక్కు పల్లె. మా బాపు చెరువు మీద బతికే మనిషి. వల, బుట్ట, తెప్ప, ఇవే మా ఆస్తి. మా ఆయనదీ అదే కులం. కాకపోతే వాళ్ల నాయన వల వదిలి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరాడు. పట్టాల వెంట ముప్పై ఏళ్లు నడిస్తే ఒంటి మీది నీచు వాసన పోయిందని వాళ్లింట్లో అందరి నమ్మకం. "పెద్దసారు సంతకం పెట్టి నన్ను పర్మినెంటు చేసేదాంక మనం ఎవలమో ఎవలకు తెల్వద్దు" అన్నాడు ఆయన. నేను మాట్లాడే తీరు కూడా మార్చాలన్నాడు. గిట్ల అనద్దట, ఇలా అనాలట. ఆయన మాత్రం పెద్దసారు ముందు "ఫైలు తెచ్చిన్నండీ, ఆయన వచ్చిండండీ" అని రెండు జిల్లాలను ఒక్క మాటలో కలిపేవాడు.

నేనూ తక్కువ తినలేదు. నిజామాబాద్‌లో మా మేనత్త ఇంట్లో ఉండి మెట్రిక్ చదివాను. అత్త బజార్లో ఎండు చేపలు అమ్మేది. బడికి పోయే ముందు బూడిదతో ఒకసారి, చింతపండుతో ఒకసారి చేతులు తోముకునేదాన్ని. అయినా బెంచీ మీద నా పక్కన పిల్ల ముక్కు కదిలిందంటే నా ప్రాణం పోయేది. దాచుకోవడం మా ఆయన నాకు నేర్పలేదు. ఆయన వచ్చేసరికే ఆ పరీక్షలో నేను ఫస్టున పాసై ఉన్నాను.

మెట్రిక్ చదివిన ఆడది కాలనీలో నేనొక్కతినే కాబట్టి మేమ్‌సాబ్ మధ్యాహ్నాలు నన్ను పిలిపించేది. స్వెట్టరు అల్లడం నేర్పేది. బోధన్ ఎండలకు స్వెట్టరెందుకో ఆమే చెప్పాలి. తొట్టి ముందు ఇద్దరం కూర్చునేవాళ్లం. ఆమె గంటకోసారి లేచి చేపలకు రొట్టె ముక్కలు, ఉప్మా రవ్వ, ఒకనాడు బందరు నుంచి వచ్చిన లడ్డు కూడా వేసింది. అవి తినేది చటాకు, అడుగున పడేది శేరు. వారం తిరిగేసరికి తొట్టిలో నీళ్లు కుడితి రంగుకొచ్చాయి. గులకరాళ్ల సందుల్లో పడ్డ తిండి కుళ్లి, కిటికీలోంచి వచ్చే ఫ్యాక్టరీ మొలాసిస్ మడ్డి వాసనతో పోటీ పడింది.

అప్పుడు ఆమె బొమ్మలున్న ఇంగ్లీషు పుస్తకం ఒకటి తీసింది. "తొట్టి అడుగున తిరిగే చేపలు కూడా ఉండాలటమ్మా. పైవి వదిలేసిన తిండిని అవి ఏరుకు తింటాయట" అంది.

"ఏ చేపలండీ?" అన్నాను, ఎన్నడూ చేపనెరగని దానిలా.

బొమ్మ చూపించింది. నోటి పక్కన మీసాలతో, పొట్ట నేలకానించి ముద్దుగానే ఉంది. "బ్రెజిల్‌లో దొరుకుతాయట" అంది దిగులుగా. బోధన్ నుంచి బస్సు నిజామాబాద్ దాకే ఉందని నేను చెప్పలేదు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మేమ్‌సాబ్‌కు అడుగు చేపలు కావాలన్న మాట మర్నాటికి ఆఫీసంతా పాకింది. ఫైళ్లు కట్టేసి అందరూ చేపల మీద పడ్డారు. బెల్లం తప్ప చెరుకులోంచి ఏమొస్తుందో తెలియనివాళ్లు కూడా, చేప ఎక్కడ పడుకుంటుంది, ఎటు తిరిగి లేస్తుంది అని వాదించుకున్నారు. అందరికన్నా ముందు హెడ్‌క్లర్కు మేల్కొన్నాడు.

మా దిక్కు తాగునీటి బావిలో ఒకటో రెండో చేపల్ని విడిచే అలవాటుంది. పురుగూ పుట్రా తిని నీళ్లు తేటగా ఉంచుతాయని. హెడ్‌క్లర్కు దాని మీద తన లెక్క కట్టాడు. బావి నీళ్లు తేటగా ఉంటాయి. బావి చేప అడుగున ఉంటుంది. కాబట్టి బావి చేపను తొట్టిలో వేస్తే తొట్టి తేటగా ఉంటుంది. ఎక్కడా తప్పు లేని లెక్క. తన ఊళ్లో బావి తోడించి, జానెడు చేపను బిందెలో పట్టి తెచ్చాడు. పెద్దసారు ముందు బిందె వంచుతూ, "తాతల నాటి పద్ధతి సార్, ఇంగ్లీషు బుక్కులు దీని ముందు దిగదుడుపే" అన్నాడు.

బిందెలోంచి తొట్టిలో పడ్డదాన్ని చూడగానే పోల్చుకున్నాను. అది వాలుగ పిల్ల. నోరు కంటి వెనకదాకా చీరి ఉంటుంది. వాలుగ నోటి ముందు తోక ఊపే దేన్నీ బతకనీయదని మా వాడలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. బావిలో అది ఎదురులేకుండా ఒక్కటే ఎందుకుందో హెడ్‌క్లర్కు ఆలోచించలేదు. మిగతావాటిని అదే తిన్నది.

నేను ఒక్క మాట అనాల్సింది. "అది వాలుగండీ, వద్దు" అంటే చాలు. కానీ అంటే, వాలుగని నీకెట్లా తెలుసని అడుగుతారు. పక్కన మా ఆయన నా మొహం చూసి, కళ్లతోనే వద్దన్నాడు. నేను స్వెట్టరు కుట్లు లెక్కపెట్టుకున్నాను.

మర్నాడు ఏడు చేపలు. ఆ మర్నాడు ఆరు. మేమ్‌సాబ్ తొట్టి కింద, మంచాల కింద, బీరువా వెనక వెతికించింది. వంటాయన తన నోట నీసు పడదన్నాడు. తోటమాలి తాను పండరి పోయి తులసిమాల వేసుకున్నానన్నాడు. హెడ్‌క్లర్కు తమ ఇంట్లో ఉల్లిపాయ కూడా ఉడకదన్నాడు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలు మాత్రం మాయం. చివరికి నేరం బంగ్లా పిల్లి మీద పడింది. పాపం దానికి నోరుంది గాని మాట లేదు. గోనెసంచిలో కట్టి, బస్సెక్కించి, వర్నిలో వదిలిపెట్టి వచ్చారు. మూడు రోజులకు చేపలు మూడే మిగిలాయి.

ఒక మధ్యాహ్నం వాలుగ నోట్లోంచి బంగారు తోక బయటికి వేలాడుతుంటే మేమ్‌సాబ్ కళ్లారా చూసింది. చేతిలో ఊలు కింద పడేసింది. "పిల్లి ఏ పాపం ఎరగదమ్మా" అంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి నాకు నా మీద అసహ్యం వేసింది. మొదటి రోజే నేను నోరు తెరిచి ఉంటే చేపలు బతికేవి, పిల్లి వర్ని పోయేది కాదు. అంత అసహ్యం వేసినా నోరు మాత్రం తెరవలేదు.

హెడ్‌క్లర్కు పరువు వాలుగతో పాటే బయటికి పోయింది. వెంటనే ల్యాబులో చెరుకు రసం పరీక్షలు చేసే ఆయన రంగంలోకి దిగాడు. సైన్సు చదివిన మనిషి. బ్రెజిల్ చేపకు మీసాలున్నాయి కాబట్టి మీసాలున్న చేప కావాలని తేల్చి, సంత నుంచి బతికున్న జెల్లలు నాలుగు తెప్పించాడు. మీసాలను చూశాడు గాని ముండ్లను చూడలేదు. జెల్లకు వీపు మీద ఒకటి, రెక్కల దగ్గర చెరొకటి ముల్లుంటాయి. గుచ్చుకుంటే తేలు కుట్టినట్టే. మేమ్‌సాబ్ ముచ్చటపడి ఒకదాన్ని దోసిట్లోకి తీసుకుంది. తీసుకున్నంత సేపు పట్టలేదు, కుప్పకూలింది. చేప గచ్చు మీద పడి ఎగురుతోంది. ల్యాబాయన కుర్చీ ఎక్కాడు.

నేను వంగి, తల వెనక, ముండ్ల కింద నుంచి బొటనవేలూ చూపుడువేలూ పోనిచ్చి, దాన్ని ఎత్తి బకెట్లో వేశాను. ఆలోచించి చేసింది కాదు. నా చేతులు మా ఊళ్లో ఉన్నట్టే చేసుకుపోయాయి. ఆమె వేలు వేడినీళ్లలో ముంచి పెట్టేదాకా నాకు ఒంటి మీద తెలివి లేదు.

"ఎంత బాగా పట్టావమ్మా. ఎక్కడ నేర్చుకున్నావ్?" అంది ఆమె, అంత నొప్పిలోనూ.

"మెట్రిక్ సైన్సు పుస్తకంలో ఉంటదండీ" అన్నాను.

"మీ నిజాం సిలబస్సే నయం" అంది. నమ్మింది. అంత తేలికగా నమ్మేవాళ్లతో అబద్ధమాడితే రుచి కూడా ఉండదు.

వేలు వాపు తీశాక ఆమె ఇంకెవరి మాటా వినలేదు. ఇంగ్లీషు పుస్తకమూ వద్దు, తాతల పద్ధతీ వద్దు, చేపలు పట్టేవాళ్లనే ఎవరినైనా పిలవండి అంది. ఇన్నాళ్లకు ఆ ఆఫీసులో ఒక తెలివైన మాట వినపడింది. మా ఆయన తక్షణం లేచి, "నాకెరుకైన చేపలాయన ఒకడున్నడండీ, చందూర్ దిక్కు" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి నాకు చెప్పాడు. "బాపుకు కబురు పంపిన. మనోళ్లని అక్కడ తెల్వనియ్యద్దని గూడ చెప్పిచ్చిన. ఆయనకు అర్థమైతది తియ్యి, సమజున్న మనిషి."

"సమజున్నది ఆయనకేనా?" అన్నాను. అన్నం పెట్టకుండా లోపలికి పోయాను. అంతే నా పౌరుషం. వద్దని మాత్రం అనలేదు. ఉద్యోగం నాకూ కావాలి, బంగ్లాలో స్వెట్టరూ నాకూ కావాలి.

ఆదివారం పదకొండు గంటలకు బాపు వచ్చాడు. మోకాళ్ల పైకి ధోతి, భుజాన తువ్వాల, చంకలో మూతికి తడిగుడ్డ కట్టిన కుండ. చందూర్ నుంచి బోధన్ దాకా బస్సులో ఆ కుండను ఒళ్లో పెట్టుకొని, దారి పొడుగునా మెల్లగా ఊపుతూ వచ్చాడట. నీళ్లు కదలకుంటే లోపలి చేపకు ఊపిరాడదు. కండక్టరు పిచ్చోడనుకున్నాడట. ఆ ఊపు బస్సు దిగినా ఆయన చేతుల్లోంచి పోలేదు. వరండా మెట్ల మీద కూర్చుని కుండ పక్కన పెట్టాక కూడా చేతులు కాసేపు ఊగుతూనే ఉన్నాయి.

నన్ను చూశాడు. చూసి, చూపును తొట్టి మీదికి తిప్పుకున్నాడు. ఏడాదిన్నర తర్వాత చూస్తున్నాడు నన్ను.

కుండలోంచి ఆరు చిన్న చేపల్ని తీశాడు. వేలెడు పొడుగు, ఒంటి మీద నల్ల చారలు, మూతికి పొట్టి మీసాలు. మేమ్‌సాబ్ దగ్గరికొచ్చి కూర్చుంది.

"వీటిని మేం ఇసుక శాపలంటమమ్మా. మంజీర ఇసుకల ఉంటయి. ముందుగాల నోరు సూడాలె. పైకి తెరిసేది పైన తింటది, ఎదురుంగ తెరిసేది నడుమ తింటది, కిందికి తెరిసేది అడుగున తింటది. పెద్ద నోరున్నదాన్ని సిన్న శాపలతోని ఎయ్యద్దు. అది మంచిదా చెడ్డదా అని కాదు, దాని నోట్ల పట్టేదాన్ని అది తింటది, అంతే" అన్నాడు. హెడ్‌క్లర్కు దూరంగా నిలబడి గోడ సున్నం పరీక్షించాడు.

"ఈ గులకరాళ్లు తీసెయ్యండ్లి. గీ రాళ్ల మీద రాసుకుంటే వీటి మీసాలు అరుగుతయి. మీసం లేకుంటే వీటికి కండ్లు లేనట్టే. సన్న ఇసుక పోయండ్లి, కడిగి. రెండు పెంకులు బోర్లేస్తే పొద్దంత కింద పండుకుంటయి. ఒక్కదాన్ని తెచ్చి ఎయ్యద్దు, బెంగటిల్లి సస్తది. ఐదారుంటె బతుకుతయి."

"ఇవి మిగిలిన తిండి తిని తొట్టి శుభ్రం చేస్తాయి కదా?" అంది మేమ్‌సాబ్.

బాపు నవ్వాడు. "అందరు గట్లనే అనుకుంటరమ్మా, పైవి ఇడిసిపెట్టిందే వీటికి సాలని. వీటికీ కడుపున్నది. పొద్దుగూకంగ వీటికని వేరే ఇంత ఎయ్యాలె. ఇక కుళ్లు సంగతంటరా, అది వీటి పని కాదు. మీరు తక్కువ ఎయ్యండ్లి."

బంగ్లాలో ఎవరూ మేమ్‌సాబ్‌తో అంత సూటిగా మాట్లాడలేదు. ఆమెకు కోపం రాలేదు. శ్రద్ధగా విన్నది. తర్వాత, "ఎండలో వచ్చాడు, కాస్త మంచినీళ్లివ్వమ్మా" అంది నాతో.

లోపలికి వెళ్లాను. అలమారలో గాజు గ్లాసులున్నాయి, పక్కనే స్టీలువి ఉన్నాయి. పెరట్లో బట్టలుతికే బండ మీద సొట్ట పడ్డ సత్తు చెంబు ఉండేది. తోటమాలికి, పాత బట్టలకు గిన్నెలిచ్చేవాళ్లకు, చీపుర్లమ్మే ఆమెకు దాంతోనే నీళ్లు పోసేవాళ్లు. ఎవరూ నాకు ఇది తీసుకో, అది తీసుకో అని చెప్పలేదు. గ్లాసు తీసుకెళితే, వరండాలో నిలబడ్డ ఆఫీసువాళ్లు ఈ చేపలాయనకు గ్లాసేమిటి అనుకుంటారని నాకు తోచింది. చెంబు తీసుకెళ్లాను.

బాపు రెండు చేతులా అందుకుని, నోటికానించి గటగటా తాగాడు. "సల్లగుండండ్లమ్మా" అన్నాడు నాతో. నన్ను పుట్టినప్పటి నుంచి బిడ్డా అని తప్ప పిలవని మనిషి.

"నీకు పిల్లలా?" అని అడిగింది మేమ్‌సాబ్.

"ఒక్క బిడ్డమ్మా. దూరం ఇచ్చినం" అన్నాడు బాపు. మా క్వార్టరు ఆ వరండాలోంచి కనిపిస్తుంది. ఆరేసిన నా చీర కూడా కనిపిస్తోంది. ఆయన ఆ చీర వైపు చూడకుండా తువ్వాలతో మూతి తుడుచుకొని, కుండ చంకన పెట్టుకొని, ఒంటిగంట బస్సుకు పోయాడు. మా ఆయన గేటు దాకా సాగనంపాడు, చేపలాయనను సాగనంపినట్టు.

ఇసుక చేపలు బతికాయి. పగలంతా పెంకుల కింద పడుకుని, దీపాల వేళకు బయటికొచ్చి, ఇసుకలో మూతులు పెట్టి నోటి నిండా తీసుకుని చెక్కిళ్ల పక్కల నుంచి జల్లించేవి. మేమ్‌సాబ్ తిండి తగ్గించింది. నీళ్లు తేటబడ్డాయి. హెడ్‌క్లర్కు ఆ చేపలు తన బావి పద్ధతికి కొంచెం మార్పుతో వచ్చినవేనని చెప్పుకున్నాడు. ల్యాబాయన వాటికి నాలుక తిరగని ఇంగ్లీషు పేరొకటి వెతికి పెట్టాడు. మా ఆయన పర్మినెంటు అయ్యాడు. చేపల వల్లనో, వంతు రావడం వల్లనో నాకు తెలియదు, ఆయన మాత్రం తన తెలివి వల్లనే అన్నాడు.

మూడు నెలల తర్వాత మేమ్‌సాబ్ అక్కగారు ఏలూరు నుంచి వచ్చింది. తొట్టి ముందు కూర్చుని మేమ్‌సాబ్ ఆమెకు అంతా చెప్పింది. నేను పక్కన అల్లుతూ స్వెట్టరు మెడ దగ్గరికొచ్చాను. "వాడెవడో చందూర్ బెస్తవాడే, చదువు లేదు, సంధ్య లేదు. కానీ వాడికున్న జ్ఞానం చూడాలక్కా. వాడు చెప్పిందే ఈ తొట్టిలో నిలబడింది" అంది. ఆమె మెచ్చుకుంటూనే అంది. కానీ మూడుసార్లు వాడు అంది.

నాకు ఒళ్లు మండింది. ఏళ్లుగా చింతపండుతో తోమి తోమి అణచుకున్నదంతా ఒక్కసారిగా లేచింది. "ఆయన మా బాపు" అన్నాను.

అక్కాచెల్లెళ్లిద్దరూ నవ్వారు. "ఈ అమ్మాయి ఇంతే, మొహం కదలకుండా హాస్యమాడుతుంది" అంది మేమ్‌సాబ్. నేను అంత చక్కగా దాచాను మరి. నిజం చెప్తే హాస్యమైంది.

లేచి, గాజులు పైకి తోసుకుని, చెయ్యి తొట్టిలో పెట్టాను. పెంకు పక్కన ఇసుకలో ఒక చేప కళ్లు మాత్రం బయట పెట్టి కూర్చుంది. పైనుంచి పట్టబోతే అది దొరకదు. అరచేతిని దూరం నుంచి ఇసుక కిందుగా పోనిచ్చి, ఇసుకతో సహా ఎత్తాలి. ఆరేళ్ల వయసులో మంజీరలో బాపు నా చెయ్యి పట్టుకుని నేర్పాడు. ఎత్తి వాళ్ల మొహాల ముందు పెట్టాను. అది నా అరచేతిలో, పిడికెడు ఇసుకలో, బెదరకుండా ఉంది. "ఇది ఏ సిలబస్సుల లేదు మేమ్‌సాబ్. మా బాపు నేర్పిండు. మేం శాపలు పట్టేటోళ్లం" అన్నాను. బోధన్ వచ్చాక ఆ బంగ్లాలో నా భాషలో నేను మాట్లాడటం అదే మొదటిసారి.

ఆమె నవ్వు ఆగింది. నా చేతిని, నా మొహాన్ని చూసింది. కసురుతుందనుకున్నాను, లేదా క్వార్టరు ఖాళీ చేయమంటుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, కసరాలనే కోరుకున్నాను. కసిరితే నాకు పని తేలికయ్యేది, ఆమెను తిట్టుకుంటూ బతికేదాన్ని.

"నేను వాడు అన్నాను, తప్పే" అంది నెమ్మదిగా. "నాకు తెలియక అన్నాను. నీకు తెలుసు కదమ్మా. అలమార నిండా గ్లాసులుండగా మీ నాన్నగారికి పెరటి చెంబుతో నీళ్లెందుకిచ్చావ్?" అని అడిగింది.

ఆమె చూసిందని నాకప్పటిదాకా తెలియదు. చేపను ఇసుకలోకి వదిలాను. ఇన్నేళ్లుగా ఈ బంగ్లా మనుషులను, హెడ్‌క్లర్కును, ల్యాబాయనను, మా ఆయనను వెక్కిరిస్తూ వచ్చాను, ఇప్పుడు కూడా వెక్కిరించాను. వాళ్లలో ఎవరూ ఆ రోజు ఆ చెంబు ముట్టుకోలేదు.

ఆ రాత్రి మా ఆయన తల పట్టుకున్నాడు. తెల్లవారితే ఆకాశం కూలుతుందన్నాడు. తెల్లవారింది, సైరను మోగింది, చెరుకు బండ్లు ఎప్పటిలాగే కదిలాయి. మేమెవరిమో తెలుసుకుని ఎవరి పనీ ఆగలేదు. మేమ్‌సాబ్ నన్ను మళ్లీ పిలిపించింది, స్వెట్టరు పూర్తి చేయించింది. ఆ చెంబు మాత్రం పెరట్లో మళ్లీ కనిపించలేదు.

ఆ వారమే చందూర్ పోయాను. బాపు చెరువు గట్టు కింద వల చిక్కులు తీస్తున్నాడు. పక్కన కూర్చుని, బంగ్లాలో చెప్పేసిన సంగతి చెప్పాను. చెంబు సంగతి చెప్పి ఏడ్చాను. ఆయన వల మీంచి కళ్లెత్తలేదు.

"శాపలు బతికినయా?" అన్నాడు.

"బతికినయి బాపు."

"అయితే సాలు తియ్యి. గ్లాసైతేంది, చెంబైతేంది బిడ్డా. నీళ్లు సల్లగున్నయి" అన్నాడు.

కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. మరిచిపోయాడనుకున్నాను, అసలు పట్టించుకోనే లేదనుకున్నాను. ఆయన ఇంకో ముడి విప్పి, వల దులిపి, "అంచు మీద సొట్టున్నది గద దానికి, పెదివికి తాకింది" అన్నాడు.